మెదడు ఆపరేషన్ మధ్యలో మెలకువ తెప్పించి మాట్లాడిస్తారంట, అక్క ఒప్పుకోవాలా?

చిన్నతమ్ముడు · సోమవారం రాత్రి 11:48

అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదటిసారి, తప్పులుంటే సర్దుకోండి. మా అక్కకి 41, హైస్కూల్లో లెక్కల టీచర్. మూడు వారాల కింద బోర్డు మీద రాస్తూ రాస్తూ ఆగిపోయిందంట, చేతిలో సుద్దముక్క అలాగే ఉంది, పిల్లలు టీచర్ టీచర్ అని పిలుస్తున్నారు, తను వాళ్లవైపు చూస్తోంది గానీ మాట రావట్లేదు, తర్వాత కుడిచెయ్యి కొట్టుకోవడం మొదలై పడిపోయింది. ఫిట్స్ అన్నారు. ఎమ్మారై తీస్తే ఎడమవైపు, చెవికి పైన కొంచెం వెనగ్గా గడ్డ ఉంది. చూడ్డానికి లో గ్రేడ్ గ్లయోమా (మెల్లగా పెరిగే మెదడు గడ్డ) లాగా ఉంది, ఖాయంగా చెప్పాలంటే తీసి బయాప్సీకి పంపాలి అన్నారు.

అసలు సంగతి ఇప్పుడు చెప్తా. సర్జన్ గారు చాలా మామూలుగా, ఏదో పన్ను పీకుతాం అన్నంత మామూలుగా, "పుర్రె తెరిచాక మీ అక్కని లేపుతాం, మాట్లాడిస్తూ తీస్తాం" అన్నారు. అమ్మ అక్కడే కూలబడింది. నాకు ఆ రోజు నుంచి నిద్ర లేదు. అక్క మాత్రం ఒకే ఒక ప్రశ్న అడిగింది, "సార్, లెక్కలు పోవు కదా?" అని. ఆయన "దాని కోసమే కదా లేపేది" అన్నారు.

నొప్పి తెలియదా? రంపం చప్పుడు వినబడుతుందా? మధ్యలో భయపడి కదిలితే ఏంటి పరిస్థితి? పూర్తి మత్తులోనే చేసేయమంటే తప్పా? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

సందేహాలరాయుడు · సోమవారం రాత్రి 11:59

బ్రో ముందు మీ అక్కగారు బాగుండాలి. కానీ నాకెప్పుడూ ఒక డౌట్, ఇన్ని స్కాన్లు వచ్చాయి, మెదడు మొత్తం త్రీడీలో చూపిస్తున్నారు, అయినా ఇంకా మనిషిని లేపి "ఇదేంటి చెప్పు అదేంటి చెప్పు" అని అడగాలా? వయొలిన్ వాయిస్తుంటే ఆపరేషన్, గిటార్ వాయిస్తుంటే ఆపరేషన్ అని వీడియోలు తిరుగుతుంటాయి చూడండి, సగం పబ్లిసిటీయే అనిపిస్తుంది. రెండో డాక్టర్ ఒపీనియన్ తీసుకోండి.

రెండోపుట్టినరోజు · మంగళవారం ఉదయం 5:30

నిద్ర లేచి చూసేసరికి ఇది కనబడింది. తమ్ముడూ, నాకు రెండేళ్ల కింద ఇదే ఆపరేషన్ అయింది, ఎడమ ఫ్రంటల్ లోబ్, అంటే మెదడు ముందుభాగం. కాబట్టి నీకు కావలసింది నేను చెప్పగలను, వరస తప్పితే ఏమనుకోకు.

నొప్పి: మెదడుకి నొప్పి తెలిసే నరాలు లేవు. నువ్వు గిల్లినా కోసినా దానికి తెలీదు. నొప్పి ఉండేదంతా పైన తోలుకి, ఎముక మీది పొరకి, మెదడుని కప్పి ఉండే గట్టి పొర ఉంటుంది చూడు డ్యూరా, దానికి. తోలుకి ముందే తిమ్మిరి ఇంజెక్షన్లు ఇచ్చేస్తారు. నాకు డ్యూరా ఒకచోట లాగినప్పుడు కణత దగ్గర పన్ను సలిపినట్టు ఒక్కసారి సలిపింది, "నొప్పిగా ఉంది" అన్నా, అక్కడ ఏదో మందు పెట్టారు, పోయింది. అంతే నొప్పి సంగతి.

చప్పుడు: నన్ను తలుపు తీసే... సారీ పుర్రె తెరిచే టైంలో బాగా మగతలో ఉంచారు కానీ డ్రిల్ చివర్లో కాస్త తెలిసింది. పక్కింటివాళ్లు గోడకి డ్రిల్లింగ్ చేస్తే మనకి వినబడుతుంది కదా, ఇది అలా కాదు, ఆ గోడ నేనే అయినట్టు. నొప్పి లేదు, పళ్లు అదిరాయి. మీ అక్కకి ఆ టైంలో పూర్తి మత్తు ఇస్తే అది కూడా తెలీదు, ముందే అడగండి.

అసలు కష్టం ఏంటో ఎవరూ చెప్పరు, నేను చెప్తా. నోరు ఎండిపోవడం. తల బిగించేసి ఉంటుంది, పక్కకి తిరిగి గంటల తరబడి ఒకే భంగిమ, భుజం చచ్చుబడిపోతుంది. మూత్రం గొట్టం పెట్టినా సరే బాత్రూంకి వెళ్లాలి వెళ్లాలి అనిపిస్తూనే ఉంటుంది. ఒక సిస్టర్ తడి దూదితో పెదాలు తుడిచింది, ఆ చెయ్యి నాకు ఇప్పటికీ గుర్తుంది, సర్జన్ మొహం గుర్తులేదు.

ఇక మాట ఆగిపోవడం గురించి. లేపాక మెదడు మీద ఒక్కోచోట సన్నగా కరెంటు పెట్టి, ఆ చోటు దేనికి పనికొస్తుందో చూస్తారు. ట్యాబ్‌లో బొమ్మలు చూపిస్తారు, ప్రతి బొమ్మకీ "ఇది గొడుగు", "ఇది తాళంచెవి" అని వాక్యంగా చెప్పాలి. ఉత్త పేరు చెప్తే ఒప్పుకోరు. నాకు అర్థం కాలేదు ఎందుకా అని. ఒకచోట కరెంటు పెట్టినప్పుడు తెలిసింది, "ఇది..." అన్నా, ఆ తర్వాత ఏం రాలేదు. గొడుగు కనబడుతోంది, వానలో వేసుకుంటాం అని తెలుసు, పేరు మాత్రం లేదు, అది ఉండే అర ఖాళీ. నాలుగు సెకన్లు. కరెంటు తీయగానే "గొడుగు" అని నోట్లోంచి అదే ఊడిపడింది. ఇంకోచోట పెడితే "ఇది" కూడా రాలేదు, నాలుక కట్టేసినట్టు. భయం వేయలేదు విచిత్రంగా, కోపం వచ్చింది.

మత్తుడాక్టర్ · మంగళవారం ఉదయం 7:12

రెండోపుట్టినరోజు గారు మా డిపార్ట్‌మెంట్ వాళ్లకన్నా బాగా చెప్పారు. నేను అనస్థీషియా మనిషిని, ఇలాంటి కేసుల్లో ఉంటుంటా. మీ అక్కగారి స్కాన్ చూడకుండా సలహా ఇవ్వను, కానీ మామూలుగా ఏం జరుగుతుందో రాస్తా.

రెండు పద్ధతులు ఎక్కువ వాడతారు. ఒకటి నిద్ర-మెలకువ-నిద్ర. పుర్రె తెరిచేదాకా పూర్తి మత్తు, గొంతు పైభాగంలో ఒక మాస్క్ లాంటి గొట్టం ఉంటుంది, తర్వాత మందు ఆపేసి గొట్టం తీసేస్తాం, పని అయ్యాక మళ్లీ నిద్రపుచ్చుతాం. రెండోది, మొదటినుంచీ తేలికపాటి మగత, గొట్టం ఏమీ ఉండదు, సొంతంగా ఊపిరి తీసుకుంటారు. ప్రొపోఫాల్, రెమిఫెంటానిల్, డెక్స్‌మెడిటోమిడిన్ లాంటి మందులు. ఈ మూడోది మాకు బాగా ఇష్టం, ఎందుకంటే మనిషి పడుకున్నట్టే ఉంటాడు, పేరు పెట్టి పిలిస్తే పలుకుతాడు, ఊపిరి పెద్దగా తగ్గదు.

ఊపిరి గురించి ఎందుకు అంత పట్టింపు అంటే, మగత ఎక్కువై శ్వాస మందగిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది, అది పెరిగితే మెదడు రక్తనాళాలు వెడల్పవుతాయి, మెదడు ఉబ్బుతుంది, పుర్రె తెరిచి ఉన్నప్పుడు అది బయటికి తోసుకొస్తుంది. సర్జన్ అరుస్తాడు. అందుకే "ఇంకొంచెం మత్తు ఇచ్చేయండి పాపం" అనేది ఇక్కడ కుదరదు, ప్రతి చుక్కా లెక్కే. అందుకే నిద్రలో బాగా గురకపెట్టి ఊపిరి ఆగే జబ్బు ఉన్నవాళ్లు, బాగా లావున్నవాళ్లు, ఆగని దగ్గు ఉన్నవాళ్లు వస్తే ముందే ఒకటికి నాలుగుసార్లు ఆలోచిస్తాం. చిన్నపిల్లలకి, ఇప్పటికే మాట బాగా దెబ్బతిన్నవాళ్లకి కూడా కష్టం, సహకరించలేరు కాబట్టి.

తలకి మూడు పిన్నులున్న బిగింపు పెడతాం, ఆ పిన్నులు దిగే చోట, కనుబొమల పైనుంచి చెవి ముందు, చెవి వెనక, తల వెనక దాకా ఒక్కో నరం దగ్గరా తిమ్మిరి మందు వేస్తాం. గంటల తరబడి పని చేస్తుంది. కదిలితే ఏంటి అన్నారు కదా, తల కదలదు, బిగించి ఉంటుంది. చేతులు కాళ్లు కదపొచ్చు, కదపమనే అడుగుతాం.

నిజంగా మేం భయపడేది ఫిట్స్‌కి. మెదడుకి కరెంటు తగిలిస్తున్నాం కదా, ఒక్కోసారి ఫిట్ వస్తుంది. అప్పుడు సర్జన్ చేసేది చాలా సింపుల్, ఐస్‌లో చల్లబరిచి పక్కన రెడీగా పెట్టుకున్న సెలైన్ లాంటి ద్రవాన్ని నేరుగా మెదడు మీద పోస్తారు. చాలాసార్లు అక్కడికక్కడే ఆగిపోతుంది. మొదటిసారి చూసినప్పుడు నాకే నమ్మకం కలగలేదు.

కోతిచేష్ట · మంగళవారం ఉదయం 8:03

మా మేనేజర్‌కి కూడా తెరిచి చూడమనండి డాక్టర్ గారూ, కరెంటు పెట్టినా ఏమీ పలకదేమో 😂

రెండోపుట్టినరోజు · మంగళవారం ఉదయం 8:10

నవ్వొచ్చింది, కాదనను. కానీ ఈ థ్రెడ్‌లో వద్దు నాయనా.

కోతిచేష్ట · మంగళవారం ఉదయం 8:14

సారీ అండి. పైన మొత్తం చదవకుండా రాసేశా.

పాతకాగితాలు · మంగళవారం మధ్యాహ్నం 1:40

సందేహాలరాయుడు గారూ, పబ్లిసిటీ అన్నారు కానీ ఇది యూట్యూబ్ కన్నా చాలా పాతది. నాకు వైద్య చరిత్ర పిచ్చి, కాస్త ఓపిక పట్టండి.

1870లో జర్మనీలో ఫ్రిచ్, హిట్జిగ్ అని ఇద్దరు కుక్కల మెదడు మీద కరెంటు పెడితే ఎదుటి వైపు కాళ్లు కదులుతున్నాయని చూపించారు. నాలుగేళ్లకే అమెరికాలో బార్తొలో అనే డాక్టరు, పుర్రె ఎముక పుండుపడి మెదడు బయటపడిన ఒక పేదరాలి మీద అదే పని చేశాడు, ఆమెకి ఫిట్స్ వచ్చాయి, కొన్ని రోజులకి చనిపోయింది. చెయ్యకూడని పని అని అప్పట్లోనే తిట్టారు. ఈ విద్య మొదలైంది అంత మంచిగా ఏం కాదు, అది మర్చిపోకూడదు. 1909లో కుషింగ్ అనే అమెరికా సర్జన్ మెలకువగా ఉన్న పేషెంట్లకి కరెంటు పెట్టి వాళ్లకి చేతిలో ఏం తెలుస్తోందో వాళ్లచేతే చెప్పించి రాశాడు.

దీన్ని నిజంగా ఒక పద్ధతిగా మార్చినవాడు వైల్డర్ పెన్‌ఫీల్డ్ అనే మెదడు సర్జన్. 1928లో అప్పటి జర్మనీలోని బ్రెస్లావ్‌లో ఫోర్‌స్టర్ అనే డాక్టరు దగ్గర నేర్చుకుని, 1934లో మాంట్రియల్ న్యూరలాజికల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టాడు. ఫిట్స్ పేషెంట్లకి తిమ్మిరి ఇంజెక్షన్ మీదే పుర్రె తెరిచి, కరెంటు పెట్టినచోటల్లా చిన్న నంబరు కాగితం అంటించి, ఏ నంబరు దగ్గర వేలు కదిలింది, ఎక్కడ మాట ఆగింది అని రాయించేవాడు. పెద్ద పెద్ద పెదాలు, పెద్ద చేతులు ఉన్న వికారపు మనిషి బొమ్మ పుస్తకాల్లో చూసుంటారు, అది ఈ లెక్కల్లోంచి వచ్చిందే.

కానీ నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది ఆయన అక్క కథ. అదే 1928 చివర్లో సొంత అక్క రూత్‌కి కుడి ఫ్రంటల్ లోబ్‌లో పెద్ద ట్యూమర్ అని తేలింది, ఆయనే ఆపరేషన్ చేశాడు, తిమ్మిరి ఇంజెక్షన్ మీదే, ఆమె మాట్లాడుతూ ఉండగానే. బాగానే లేచింది. మాట బాగుంది, తెలివి బాగుంది, ఆప్యాయత బాగుంది. ఏడాది దాటాక తమ్ముడూ ఇంకొంతమందీ భోజనానికి వస్తున్నారని వంట మొదలుపెట్టింది, ఇంతకుముందు అవలీలగా చేసిన పనే. ఆయన వెళ్లేసరికి సామానంతా ఉంది, ఒకటి రెండు పొయ్యి మీదున్నాయి, మిగతావి మొదలే కాలేదు, ఆమె మధ్యలో కంగారుగా నిలబడి ఉంది. ఏది ముందు ఏది తర్వాత అన్న వరస పెట్టుకోవడం పోయింది. ఆ సంగతి తర్వాత 1935లో తన పేపర్లో రాసుకున్నాడు. అప్పటికే ఆమె లేదు, ట్యూమర్ తిరగబెట్టింది.

అంటే ఆపరేషన్ టేబుల్ మీద ఆమె మెలకువగానే ఉంది కదా, మాట్లాడుతూనే ఉంది కదా, మరి ఎందుకు తెలియలేదు? వరస పెట్టడం గురించి ఎవరూ అడగలేదు కాబట్టి. 1953లో స్కోవిల్ అనే సర్జన్ చేతిలో జ్ఞాపకశక్తి పోగొట్టుకున్న హెచ్.ఎం. అనే పేషెంట్ కూడా ఆపరేషన్ టైంలో మెలకువగానే ఉన్నాడు. మెలకువ ఒక్కటే కాపాడదు.

సందేహాలరాయుడు · మంగళవారం మధ్యాహ్నం 2:25

సరే, పబ్లిసిటీ అన్న మాట వెనక్కి తీసుకుంటా. కానీ మీ కథ నా వైపే వాదిస్తోంది కదా! మెలకువ కాపాడదు అంటున్నారు. మరి స్కాన్ ఎందుకు సరిపోదు?

మాటలమూట · మంగళవారం సాయంత్రం 6:50

ఈ ప్రశ్న నాది. స్పీచ్ థెరపిస్ట్‌ని, ఓటీలో ఆ ట్యాబ్ పట్టుకుని ఎదురుగా కూర్చునే మనిషిని నేనే అనుకోండి.

స్కాన్ ఎందుకు సరిపోదంటే, ఫంక్షనల్ ఎమ్మారై ఏం చెప్తుందంటే మీరు మాట్లాడుతున్నప్పుడు ఎక్కడెక్కడ రక్తం ఎక్కువ పారుతోంది అని. ఒక పెళ్లిలో ఎంతమంది హడావిడిగా తిరుగుతున్నారో అది చూపిస్తుంది. వాళ్లలో ఎవరు వెళ్లిపోతే పెళ్లి ఆగిపోతుందో చూపించదు. కరెంటు పెట్టడం అంటే ఒక్కొక్కరినీ నాలుగు సెకన్లు పక్కకి తీసుకెళ్లి చూడటం. పైగా గడ్డ పక్కన రక్తం పారే తీరే మారిపోయి ఉంటుంది, అక్కడ ఆ స్కాన్‌ని నమ్మడం ఇంకా కష్టం. ఇంకోటి, పుర్రె తెరిచి మెదడు చుట్టూ ఉండే నీరు బయటికి పోగానే మెదడు కాస్త కుంగి పక్కకి జరుగుతుంది, పొద్దున తీసిన స్కాన్ మీద నడిచే నావిగేషన్ (సర్జన్‌కి దారి చూపించే కంప్యూటర్) అప్పటికే మిల్లీమీటర్ల లెక్కలో తప్పు చూపిస్తుంటుంది.

అందరికీ మాట ఒకేచోట ఉంటుందా అంటే అదీ లేదు. 1861లో బ్రోకా, 1874లో వెర్నికే అనే డాక్టర్లు మాటకి సంబంధించినవని చూపించిన చోట్లు పుస్తకంలో రంగులేసి ఉంటాయి. కానీ అమెరికాలో సియాటిల్‌లో ఓజెమన్ అనే సర్జన్ 117 మందికి మ్యాపింగ్ (అంటే ఇలా కరెంటు పెట్టి ఏ చోటు ఏం చేస్తుందో గుర్తించడం) చేసి 1989లో రాశాడు, పేర్లు చెప్పే చోట్లు ఒక్కొక్కరికి ఒక్కోచోట, చాలామందికి ఒకటి రెండు సెంటీమీటర్ల చిన్న చిన్న ముక్కలుగా. మీ అక్కది ఎక్కడుందో పుస్తకం చెప్పదు. రెండు భాషలు మాట్లాడేవాళ్లకి ఒక భాష ఆగి రెండోది ఆగని చోట్లు కూడా ఉంటాయి, అందుకే పేషెంట్ రోజూ వాడే ప్రతి భాషలోనూ అడగాలి. ఇంట్లో ఏ భాష, క్లాసులో ఏ భాష, లెక్కలు మనసులో ఏ భాషలో వేస్తారు, ఇది ముఖ్యం, అక్కని అడగండి.

పాతకాగితాలు గారు చెప్పిన రూత్ కథలో నీతి సందేహాలరాయుడు గారు తీసింది కాదు. మెలకువ దండగ అని కాదు, అడగనిది తెలియదు అని. ఆపరేషన్‌లో సగం పని ఓటీలోకి వెళ్లకముందే అవుతుంది. మీ అక్క లెక్కల టీచర్, గడ్డ ఎడమ పెరైటల్ (మెదడు పైన వెనకభాగం) వైపు ఉన్నట్టుంది మీరు చెప్పేదాన్ని బట్టి. ఆ చుట్టుపక్కల యాంగ్యులర్ గైరస్ అని ఒక మడత ఉంది, దెబ్బతింటే లెక్కలు, రాయడం, కుడి ఎడమ తేడా, తన వేళ్లలో ఏది ఏదో గుర్తుపట్టడం, ఇవన్నీ కలిసి పోవచ్చు. కాబట్టి బొమ్మల పేర్లు ఒక్కటే పెడితే సరిపోదు. చదివించాలి, రాయించాలి, లెక్కలు చేయించాలి. లెక్కల్లో కూడా కూడిక ఒక్కటీ చేయిస్తే చాలదు. ఫ్రాన్స్‌లో ఇలాంటి ఆపరేషన్లకి పేరుపడ్డ డ్యూఫో అనే సర్జన్ బృందం 2002లోనే ఒక పేషెంట్ గురించి రాశారు, గుణకారం ఆగే చోటు వేరు, తీసివేత ఆగే చోటు వేరు అని. ఎక్కం నోటికొచ్చిన పాటలాగా వస్తుంది, తీసివేత అంకెల్ని మనసులో జరిపి చేయాలి, రెండూ వేరే దారులు.

మీరు వెళ్లి అడగాల్సింది "లేపుతారా" అని కాదు. "లేపి ఏం అడుగుతారు" అని.

చిన్నతమ్ముడు · మంగళవారం రాత్రి 9:35

మాటలమూట గారూ, మీరు రాసింది అక్కకి చదివి వినిపించా. అక్క వెంటనే "తెలుగులో ఎక్కాలు, ఇంగ్లీషులో ఆల్జీబ్రా" అంది, ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఇన్నేళ్లు కలిసి పెరిగి నాకు ఈ విషయం తెలీదు.

ఆగినగడియారం · మంగళవారం రాత్రి 10:20

నేను రాయకూడదనుకున్నా, భయపెట్టినట్టవుతుందేమో అని. కానీ అందరూ బాగా జరిగిన కథలే చెప్తే అదీ మోసమే.

మా ఆయనకి ఇదే ఆపరేషన్ మొదలుపెట్టారు. లేపగానే ఆయన చాలా కంగారుపడ్డారు, ఎక్కడున్నానో తెలియక తల లాక్కోబోయారంట, సర్దుకున్నాక కరెంటు పెడితే ఫిట్ వచ్చింది, చల్లని నీళ్లు పోశారు, ఆగింది, మళ్లీ వచ్చింది. ఇక లాభం లేదని పూర్తి మత్తు ఇచ్చేసి, తీయగలిగినంత తీసి మూసేశారు. అందులో సర్జన్ తప్పు ఉందని నేను అనను. నా కోపం వేరేదాని మీద. ముందురోజు ఎవరూ మాతో పావుగంట కూర్చోలేదు. సంతకాల కాగితం మాత్రం ఇచ్చారు. లేచినప్పుడు తలకి బిగింపు ఉంటుంది, మొహం మీద ప్లాస్టిక్ షీట్ ఉంటుంది, భయపడకు అని ఎవరైనా ఒక్కమాట చెప్పుంటే ఆ మనిషి అంత బెదిరేవారు కాదు. తర్వాత మూడోరోజు ఆయన నా పేరు చెప్పలేకపోతే నేను ఐసీయూ బయట గోడకి తల కొట్టుకున్నా, ఎడీమా, అంటే మెదడు వాపు వల్ల మొదటివారం మాట తగ్గుతుంది తర్వాత వస్తుంది అన్న సంగతి వార్డ్‌బాయ్ చెప్పాడు నాకు. డాక్టర్ కాదు. వార్డ్‌బాయ్.

మాట నెలన్నరకి వచ్చింది, చాలావరకు.

మత్తుడాక్టర్ · మంగళవారం రాత్రి 10:58

ఆగినగడియారం గారూ, మీ కోపం న్యాయం. మేం ముందురోజు పేషెంట్‌ని కలిసి, అదే భంగిమలో ఒకసారి పడుకోబెట్టి చూపిస్తాం, ఓటీలో ఎవరి గొంతు వినబడుతుందో ఆ గొంతు ముందే పరిచయం చేస్తాం. ఇది మర్యాద కోసం కాదు, చికిత్సలో భాగం. ఇలా చేయని చోట మెలకువ ఆపరేషన్ చేయకూడదు అనేది నా అభిప్రాయం, తోటి డాక్టర్లకి కోపం వచ్చినా సరే.

తమ్ముడు గారూ, ఆవిడ చెప్పిన రెండో ముక్క కూడా రాసి పెట్టుకోండి. ఆపరేషన్ అయిన సాయంత్రం బాగా మాట్లాడి, రెండో మూడో రోజు తగ్గడం చాలా మామూలు, వాపు వల్ల. వారాల్లో, ఒక్కోసారి మూడు నెలల దాకా పట్టి, తిరిగి వస్తుంది. ఇంట్లో అందరికీ ముందే చెప్పండి.

సందేహాలరాయుడు · బుధవారం ఉదయం 9:05

నేను కూడా రాత్రంతా చదివా, ఒప్పుకుంటున్నా. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కోలో బర్గర్ అనే సర్జన్ టీం 2008లో ఇలా మాట మ్యాపింగ్ చేసి గడ్డ తీసిన 250 మంది లెక్క ఇచ్చారు, ఆరు నెలల తర్వాత మాట శాశ్వతంగా దెబ్బతిన్నది 1.6 శాతం మందికే. 2012లో ఇంకో పెద్ద లెక్క, 8,091 మంది పేషెంట్ల రిపోర్టులు కలిపి చూస్తే, కరెంటుతో మ్యాపింగ్ చేసినవాళ్లలో తీవ్రమైన శాశ్వత లోపం 3.4 శాతం, చేయనివాళ్లలో 8.2. పైగా మ్యాపింగ్ చేసినవాళ్లలోనే గడ్డ ఎక్కువ తీయగలిగారంట. ఇది నేను అస్సలు ఊహించలా, జాగ్రత్తగా చేస్తే తక్కువ తీస్తారనుకున్నా.

కానీ ఒక మెలిక ఉంది, నేను ఊరికే ఒప్పుకునే రకం కాదు కదా, ఆ 8,091 లో అందరూ మెలకువగా ఉన్నవాళ్లు కారు, నిద్రలోనే చెయ్యి కాలు కదిలే చోట్లు వెతికినవాళ్లు కూడా ఉన్నారు. ఆ నంబరు చూపించి "మెలకువ వల్లే" అంటే తప్పు.

మాటలమూట · బుధవారం ఉదయం 9:40

భలే పట్టుకున్నారు. కరెక్ట్. చెయ్యి కాలు కదలికని నిద్రలో కూడా వెతకొచ్చు, కండరం పలికితే చాలు. మాటని, లెక్కని నిద్రలో వెతకలేం. తేడా అక్కడే.

ఎక్కువ తీయడం ఎందుకు వీలవుతుందంటే, ఎక్కడ ప్రమాదమో తెలియనప్పుడు సర్జన్ చెయ్యి అంతటా భయపడుతుంది. తెలిసినప్పుడు ఆ ఒక్కచోటే భయపడుతుంది.

నిదానం · బుధవారం ఉదయం 11:15

మా నాన్నకి వణుకుడు జబ్బుకి మెదడులో తీగలు పెట్టారు, డీబీఎస్ అంటారు, దానికి కూడా మెలకువగానే ఉంచారు. ఫ్రాన్స్‌లో గ్రెనోబుల్‌లో బెనబిడ్ అనే డాక్టరు 1987లో మొదలుపెట్టిన పద్ధతట. కరెంటు పెట్టగానే చెయ్యి వణకడం ఆగిపోయింది, కాగితం మీద గుండ్రంగా చుట్టలు గీయించారు, ముందు గీసింది పురుగు పాకినట్టుంది, తర్వాతది బడిపిల్లాడు గీసినట్టు. ఇది వేరే ఆపరేషన్ అని తెలుసు, మెలకువ గురించి భయం పోతుందేమో అని రాశా.

పాతకాగితాలు · బుధవారం మధ్యాహ్నం 12:30

వయొలిన్ గురించి ఒక్క మాట, మొదట్లో రాయుడు గారు వెక్కిరించారు కాబట్టి. 2020లో లండన్ కింగ్స్ కాలేజ్ హాస్పిటల్‌లో జరిగింది, ఆమె గడ్డ కుడి ఫ్రంటల్‌లో, ఎడమచేతి వేళ్లని నడిపే చోటుకి ఆనుకుని ఉంది. వయొలిన్ తీగల మీద నడిచేది ఎడమచేతి వేళ్లే. ఆమె తన వేళ్ల గురించే బెంగ అని చెప్పింది, ఆ సర్జన్ అష్కాన్‌కి సంగీతంలో కూడా డిగ్రీ ఉంది, అందుకే వెంటనే అర్థమైంది. వీడియో చూసేవాళ్లకి తమాషా. వాళ్లకి అది మీ అక్కగారి ఎక్కాల లాంటిదే.

చిన్నతమ్ముడు · బుధవారం రాత్రి 8:20

ఈరోజు వెళ్లి కలిశాం. మీరందరూ చెప్పినవి కాగితం మీద రాసుకెళ్లా, సర్జన్ గారు కాగితం తీసుకుని మొత్తం చదివి "ఎవరు రాశారిది?" అన్నారు. న్యూరోసైకాలజిస్ట్ (మాట, జ్ఞాపకం, లెక్కల్లాంటివి పరీక్షించే నిపుణురాలు) మేడం అక్కతో రెండు గంటలు కూర్చుంది, అక్క ఇంట్లో సరిగ్గా చేయగలిగిన లెక్కలే ఓటీలో అడుగుతారంట, లేకపోతే కరెంటు వల్ల తప్పిందో అక్కకి రాక తప్పిందో తెలీదు కాబట్టి. అక్క "నాకు రాక తప్పే లెక్క మీ దగ్గరుందా" అంది మేడంతో. వచ్చే గురువారం ఆపరేషన్.

చిన్నతమ్ముడు · ఐదు వారాల తర్వాత, ఆదివారం సాయంత్రం 4:10

ఆలస్యానికి సారీ, రాయడానికి కూర్చున్నప్పుడల్లా ఏదో పని. అక్క ఇంట్లో ఉంది.

బయాప్సీలో ఒలిగోడెండ్రోగ్లయోమా (గ్లయోమాల్లో ఒక రకం), గ్రేడ్ 2 అని వచ్చింది, జీన్ టెస్టు కూడా మంచివైపే ఉందన్నారు. చాలావరకు తీశారు, వెనకవైపు ఒక చిన్న ముక్క వదిలేశారు, అక్కడ కరెంటు పెట్టిన మూడుసార్లూ గుణకారం తప్పిందంట. సర్జన్ గారు "తీయొచ్చు, కానీ మీ అక్క నాతో మాట్లాడదు తర్వాత" అన్నారు. మూడు నెలలకోసారి స్కాన్.

ఆగినగడియారం గారూ, మీకు దణ్ణం. సరిగ్గా మూడోరోజే అక్కకి మాట తగ్గింది, గ్లాసుని "అదే... పోసుకునేది" అంది, నన్ను నాన్న పేరుతో పిలిచింది. అమ్మకి ముందే చెప్పి ఉంచాం కాబట్టి ఏడవలేదు, "వస్తుందిలే, చెప్పారుగా" అని మాకే ధైర్యం చెప్పింది. ఇప్పుడు పేర్లు దాదాపు అన్నీ వస్తున్నాయి, చదవడం నెమ్మది, సాయంత్రానికి అలసిపోతుంది.

రంపం చప్పుడు గుర్తులేదంట. గుర్తున్నది మెడ నొప్పి, చలి, ఇంకా మేడం గొంతు. 

ఒక్కటే గొడవ, ఏ లెక్క తప్పిందో చెప్పమని రోజూ ప్రాణం తీసింది. చివరికి మొన్న చెకప్‌లో మేడం ఆ షీట్ జిరాక్స్ ఇచ్చింది. ఏడెనిమిదులు అని అడిగితే ఒకసారి నలభై తొమ్మిది, ఒకసారి "ఏడెనిమిదులు ఏడెనిమిదులు" అని అదే మాట, ఒకసారి ఏమీ లేదు. అక్క దాన్ని చాలాసేపు చూసి, పెన్ను అడిగి, నలభై తొమ్మిది మీద ఇంటూ కొట్టి పక్కన 56 వేసింది. ఎరుపు పెన్నే కావాలంది.

రెండోపుట్టినరోజు · ఆదివారం సాయంత్రం 4:32

చదువుతుంటే కళ్లు తడిశాయి తమ్ముడూ. ఒక్క పని మాటే చెప్తా, బాగున్నాం కదా అని ఫిట్స్ మాత్రలు సొంతంగా మానేయనివ్వకు, డాక్టర్ ఆపమనేదాకా ఒక్క పూట కూడా. నేను ఆ తెలివితక్కువ పని చేశా.

చిన్నతమ్ముడు · ఆదివారం సాయంత్రం 4:40

ఫోన్లో అలారం పెట్టాం అన్నా, పొద్దున ఎనిమిదికి, రాత్రి ఎనిమిదికి.